మేనత్త నేర్పిన ఎడమకాలు

పాత సోఫాలకు కొత్త బట్ట తొడిగే దుకాణంలో నేనూ ఆమే చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. నాది ఫోమ్ కోసే పని. ఆమెది కుట్టుపని. ఊడిన సోఫా లోపల ఏముంటుందో చూసినవాళ్లకి తెలుస్తుంది, పైన పట్టులా కనిపించేదాని కడుపులో దుమ్మూ తుప్పుపట్టిన స్ప్రింగులూ తప్ప ఏమీ ఉండవు. ఆమె వాటినన్నింటినీ పీకి, పట్టీలు బిగించి, కొత్త బట్టను ముడత లేకుండా లాగి పిన్నులు కొట్టేది. ఆమె కుట్టిన మూల ఏడేళ్లయినా విచ్చుకునేది కాదు. వీధిలో అందరూ సోఫా అక్క అనేవాళ్లు. నేనూ అక్కా అనే పిలిచేవాణ్ని.

పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు మరో సంసారం పెట్టుకున్నాడు. ఆమె ఏడ్చి గోల చేయలేదు. తన బట్టలు సర్దుకుని, తల్లి అద్దెకుంటున్న పాత ఇంటి మేడ మీద రెండు గదుల్లోకి తిరిగొచ్చింది. తల్లి పోయాక ఆ గదుల్లో ఆమె ఒక్కతే మిగిలింది. నా అన్నవాడు ఒక్క తమ్ముడు. వాడికి ఓ ఏడేళ్ల కూతురు. రెండో కానుపులో పుట్టిన పిల్లాడు నెల తక్కువవాడు, అస్తమానం ఆసుపత్రే. అదే సమయంలో తమ్ముడు వేరే ఊళ్లో టైర్ల వ్యాపారం మొదలుపెట్టాడు. అటు పసివాడు, ఇటు వ్యాపారం, మధ్యలో పిల్ల.

"ఆర్నెల్లు చూసుకో అక్కా. నిలదొక్కుకోగానే వచ్చి తీసుకెళ్తాం" అన్నాడు.

ఆ ఆర్నెల్లు అయిదేళ్లయ్యాయి.

వచ్చిన కొత్తలో పిల్ల ఎవరితోనూ మాట్లాడేది కాదు. తిండి సరిగ్గా తినేది కాదు. చేసేదల్లా తన్నడమే. గుమ్మంలో చెప్పులు తన్నేది, ఖాళీ డబ్బాలు తన్నేది. స్కూలు వదిలాక దుకాణానికి వచ్చి, నేను కోసి పారేసిన ఫోమ్ ముక్కల్ని ఈ చివర నుంచి ఆ చివరకి తన్నుకుంటూ తిరిగేది. ఒకరోజు కొత్తగా బట్ట తొడిగిన కుర్చీ మీద జిగురు డబ్బా వచ్చి పడింది. మా ఓనరు మంచివాడే కాని నోరు కాస్త పెద్దది. "ఈ పిచ్చుకని ఎక్కడైనా ఆటలో చేర్చమ్మా, లేకపోతే రేపో మాపో నన్ను కూడా తన్నేస్తుంది" అన్నాడు. అప్పటినుంచి అందరం దాన్ని పిచ్చుక అనే పిలిచాం.

ఓనరు ఎకసెక్కంగా అన్నమాటను అక్క నిజంగానే పట్టుకుంది. ఫుట్‌బాల్ గురించి ఆమెకు తెలిసింది ఒక్కటే, చేత్తో పట్టుకోకూడదని. అయినా సెలవు పెట్టి మరీ పిల్లని వెంటేసుకుని తిరిగింది. మొదట పెద్ద అకాడమీకి వెళ్లింది. అద్దాల గది, పచ్చటి తివాచీ పరిచినట్టున్న మైదానం, గోడల నిండా ఫొటోలు. అక్కడ కూర్చున్న అమ్మాయి పిల్లకి ఏ సైజు డ్రెస్సు కావాలో అడిగింది కాని పేరు అడగలేదట. ఆడపిల్లల బ్యాచ్ ఉందా అని అక్క అడిగితే, త్వరలో పెడతామంది. "త్వరలో అనేమాట నేను మా తమ్ముడి నోట రోజూ వింటున్నాను" అని నాతో అంది అక్క, నవ్వుతూనే.

రెండోది ఒక స్కూలు మైదానంలో. అక్కడ ఒకరోజు ఊరికే ఆడి చూడమన్నారు. అక్క మెట్ల మీద కూర్చుని గంటసేపు చూసింది. పిల్లలు టిక్కెట్ల కౌంటరు దగ్గర నిలబడ్డట్టు వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కళ్లే వచ్చి ఒక తన్ను తన్ని మళ్లీ వరస చివరికి పోతున్నారు. గీత బయట తండ్రులు కోచ్‌ని మించి అరుస్తున్నారు. ఎనిమిదేళ్ల పిల్లాడొకడు గోల్ తప్పితే, వాడి తండ్రి తల కొట్టుకున్నాడట, ఇల్లు కాలిపోయినట్టు. గంటలో పిచ్చుక కాలికి బంతి రెండోసారి తగిలిందో లేదో, సమయం అయిపోయిందన్నారు.

మూడోది బస్సు డిపో వెనక ఖాళీ స్థలం. ఎగుడుదిగుడు నేల. గోల్ స్తంభాలు పాత బస్సుల నుంచి ఊడదీసిన ఇనప గొట్టాలు. నేర్పేవాడు బస్సు కండక్టరు, డ్యూటీ దిగి ఆ యూనిఫామ్ మీదే వచ్చేవాడు. పిల్లలు కండక్టరు మాస్టారు అనేవాళ్లు. అక్కడ ప్రతి పిల్ల దగ్గరా ఒక బంతి ఉంది. పాతదో, అతుకులదో, మొత్తానికి ఒకటుంది. ఆయన పిచ్చుక ముందు గొంతుక్కూర్చుని, "నీకు ఏ కాలంటే ఇష్టం?" అని అడిగాడు. అయిదు వారాలుగా అడిగినదానికి సమాధానం చెప్పని పిల్ల, కుడికాలు అని చెప్పింది. నలుగురైదుగురు ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లు బట్టలు మార్చుకోవడానికని ఒక గది ఉంది, దానికి లోపల గడియ కూడా ఉంది. అక్క గడియ వేసి తీసి చూసి, అక్కడే చేర్చేసింది.

ఎందుకక్కా ఆ దుమ్ములో అని నేను అడిగితే, "కూర్చుని చూశాను కదా. అక్కడ పిల్ల కాలికి బంతి తగులుతోంది. మిగతా రెండు చోట్లా మన కళ్లకే ఏదో తగులుతోంది" అంది.

కండక్టరు మాస్టారు నేర్పేది వారానికి రెండు సాయంత్రాలే. మిగతా రోజుల్లో ఇంట్లో కాసేపు బంతితో ఉండమనేవాడు. మంచం పరిచేంత చోటు చాలన్నాడు. అరికాలి కింద బంతిని ముందుకీ వెనక్కీ దొర్లించడం, రెండు పాదాల లోపలివైపుల మధ్య అటూ ఇటూ తాటించడం, కుర్చీ కాళ్ల చుట్టూ బంతితో తిరగడం, గోడకు కొట్టి తిరిగొచ్చిన బంతిని ఒక్క తాకుడుతో ఆపడం. అన్నింటినీ రెండు కాళ్లతోనూ చేయమన్నాడు.

మొదటిరోజే కింద వాటాలో ఉండే రిటైరైన గుమస్తాగారు చీపురుకట్టతో తన పైకప్పును పొడిచాడు. రెండోరోజు పైకొచ్చి, ఇది ఇల్లా గుర్రపుశాలా అని అడిగాడు. అక్క ఆయనతో వాదించలేదు. దుకాణంలో మిగిలిపోయిన ఫోమ్ ముక్కలు ఓనర్ని అడిగి పట్టుకెళ్లింది. నేనే మోశాను. గదిలో ఒక గోడకు నిలువెత్తు ఫోమ్ అతికించి దానిమీద పాత రెక్సిన్ బిగించాం. నేలమీద రెండు పొరలు పరిచాం. ఇంటికని ఒక మెత్తటి బంతి కూడా కుట్టింది, లోపల చింపిరి గుడ్డలు, పైన ముదురు రంగు పరదా బట్ట. దాన్ని గోడకు కొడితే దిండు మీద చరిచినంత చప్పుడు కూడా వచ్చేది కాదు. ఆ తర్వాత గుమస్తాగారు పైకి రాలేదు సరికదా, పిల్ల వేరే ఊరు వెళ్లిపోయిందా అని ఒకసారి అడిగాడు.

గోడతో ఒక్కదానివే ఎంతసేపు ఆడతావులే అని, అక్క కూడా ఎదురుగా నిలబడటం మొదలుపెట్టింది. రోజంతా కూర్చుని కుట్టే మనిషి. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, మేజోళ్లు తొడుక్కుని, పిల్ల తన్నిన బంతిని ఆపబోయి ఎన్నిసార్లు చతికిలపడిందో. పిల్ల పకపకా నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు వినబడింది అప్పుడే. కాలి బొటనవేలి గోరు నల్లబడి దుకాణానికి వచ్చేది అక్క. మాస్టారు పిల్ల ఎడమకాలు మొద్దుగా ఉందన్నాడని, ఇంట్లో సమస్తం ఎడమకాలితోనే అని ఒక నియమం పెట్టింది. తలుపు తోసినా, చెప్పులు జరిపినా, కింద పడ్డ తువ్వాలు అందుకున్నా ఎడమకాలే. ఎవరు మరిచిపోయి కుడికాలు వాడితే వాళ్లు ఆ పూట గిన్నెలు తోమాలి. అక్క ఆ అలవాటులో దుకాణంలో కుట్టుమిషను కూడా ఎడమకాలితో తొక్కి ఒక దిండు గలీబు పాడుచేసింది.

మూడేళ్లు తిరిగేసరికి పిచ్చుక ఎడమకాలు కుడికాలిని మించిపోయింది. చుట్టుపక్కల పోటీల్లో కప్పులు రాసాగాయి. పదకొండేళ్లప్పుడు ఒక పోటీలో, ఎక్కడినుంచో వచ్చిన సెలెక్టరు ఒకాయన ఆ పిల్లెవరు అని అడిగాడట. ఆ ఒక్కమాట అక్క చెవిలో పడింది. అంతే, ఇంట్లో ఆట ఆటగా ఉండటం మానేసింది.

నేనేమీ కల్పించి చెప్పడంలేదు. చూసిందే చెబుతున్నాను. తెల్లవారకముందే పిల్లని లేపేది. జ్వరం తగ్గిన మర్నాడు కూడా లేపింది. "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అంటూనే ఉండేది. గిన్నెలు తోమే పందెం పోయింది, దాని బదులు తప్పు చేస్తే మళ్లీ మొదటినుంచి. పిల్ల దుకాణానికి వచ్చి ఫోమ్ కుప్ప మీద పడి నిద్రపోయేది. ఒకరోజు కండక్టరు మాస్టారు బస్సు మా దుకాణం ముందు ఆగినప్పుడు, కిటికీలోంచి తల బయటపెట్టి అక్కతో అన్నాడు. "అమ్మా, దాన్ని కొన్నాళ్లు ఊరికే వదిలెయ్యి. ఆట పనిగా మారితే కాలు మొండికేస్తుంది."

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. బస్సు వెళ్లాక, "నా పిల్ల సంగతి నాకు తెలీదా? ఆయనెవరు చెప్పడానికి?" అంది. నా పిల్ల అంది. అన్నాళ్లూ తమ్ముడి కూతురు అనే చెప్పేది.

ఆ ఏడాది చివర్లో ఒక క్రీడా పాఠశాలవాళ్లు పిచ్చుకని ఎంపిక చేశారు. అక్కడే ఉండి చదువుకోవాలి. ఆడపిల్లలకి విడిగా జట్టు ఉంది, నేర్పేవాళ్లూ ఆడవాళ్లే. అక్క రెండుసార్లు బస్సెక్కి వెళ్లి చూసొచ్చింది. అక్కడి వంటగదితో సహా చూసింది. ఇక కావలసింది తల్లిదండ్రుల అంగీకారం. తమ్ముడికి ఫోన్ చేసింది.

తమ్ముడూ మరదలూ కారులో వచ్చారు. అయిదేళ్లలో వాళ్లు వచ్చింది చుట్టపుచూపుగా ఏడాదికి ఒకసారో రెండుసార్లో. ఈపాటికి తమ్ముడు బాగా స్థిరపడ్డాడు, ఇల్లు కట్టాడు, చిన్నపిల్లాడు కోలుకున్నాడు. ఆ రోజు ఓనరు పంపిన ఒక బల్ల దించడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. వెళ్లిపోబోతే అక్కే ఉండమంది.

తమ్ముడు అంతా విని, క్రీడా పాఠశాల అక్కర్లేదన్నాడు. తన ఊళ్లో పెద్ద అకాడమీ ఉంది, బయటి దేశాల కోచ్‌లు వస్తారు, కూతుర్ని హాస్టల్లో పడేయాల్సిన ఖర్మ తనకి లేదన్నాడు.

"అక్కడ అమ్మాయిల జట్టు ఉందా?" అని అడిగింది అక్క.

"ఉండే ఉంటుంది."

"వెళ్లి చూశావా?"

"చూడటానికేముందక్కా? ఊరంతా చెబుతోంది."

"ఊరికేం, చెబుతుంది. నువ్వొక గంట గట్టు మీద కూర్చుని చూడు. పిల్లలు ఆడుతున్నారో, వరసలో నిలబడుతున్నారో చూడు. ఆ తర్వాత తీసుకెళ్లు."

తమ్ముడు భార్యవైపు చూశాడు. మరదలు నెమ్మదిగా అందుకుంది. "వదినా, మీరు చేసింది మేం ఎప్పటికీ మరిచిపోం. కాని అది మా పిల్ల. ఎక్కడ చేర్చాలో మేం చూసుకుంటాం."

ఆ మాటలో తప్పేమీ లేదు. అక్క పిల్లవైపు తిరిగి, "నువ్వు చెప్పవే" అంది.

పిచ్చుక ఫోమ్ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తల ఎత్తలేదు. "కొత్తింట్లో నాకొక గది ఉందట అత్తా" అంది. రెక్సిన్‌ని గోటితో గీరుతూ, "అక్కడ చీకటితో లేవక్కర్లేదట" అంది.

అక్క మొహం చూడలేక నేను కిటికీలోంచి బయటకి చూశాను.

సర్దడానికి ఎక్కువసేపు పట్టలేదు. కప్పులన్నీ తమ్ముడే జాగ్రత్తగా తువ్వాళ్లలో చుట్టి కారులో పెట్టుకున్నాడు. గుడ్డబంతి మాత్రం ఎవరూ అడగలేదు. వారం తర్వాత అక్క నన్ను పిలిచి గోడమీది ఫోమ్ పీకించింది. దాంతోపాటు సున్నం కూడా పెచ్చులుగా ఊడివచ్చింది. కింద గుమస్తాగారు చప్పుడేమిటని పైకొచ్చి, సంగతి తెలిసి, "పోనీలెండి, మీకూ విశ్రాంతి" అన్నాడు. ఓదార్పనే అనుకున్నాడు పాపం.

మొదట్లో పిల్ల రోజూ ఫోన్ చేసేది. తర్వాత వారానికోసారి. తర్వాత అక్క చేస్తేనే. ఏం నేర్పుతున్నారే అంటే, బాగానే నేర్పుతున్నారు అనేది. ఏ స్థానంలో ఆడుతున్నావే అంటే, ఇంకా చెప్పలేదత్తా అనేది.

ఒకరోజు ఓనరు ఫోన్ పట్టుకుని సంబరంగా వచ్చాడు. ఆ అకాడమీవాళ్లు పెట్టిన వీడియో. కొత్త డ్రెస్సులో పిచ్చుక బంతిని ఎడమకాలితో పైకి లేపి, నేల తాకకుండా ఆడిస్తోంది. పక్కన తమ్ముడు నిలబడి మాట్లాడుతున్నాడు. తల్లిదండ్రులు శ్రద్ధ పెట్టాలట. మంచి అకాడమీని ఎంచుకోవాలట. అకాడమీ ఒక్కటే చాలదు, ఇంటి దగ్గర సాధన ముఖ్యమట. "దీని ఏడో ఏటినుంచి ఇంట్లో నేనే చేయించాను. ఈ ఎడమకాలు మా వంశంలోనే ఉంది" అన్నాడు. పిల్ల కెమెరా వైపు కాకుండా ఎటో చూస్తోంది.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాను. ఆ తెప్పని తనే చెక్కానని చెప్పుకునేవాణ్ని అప్పుడే చూశాను. అక్క ఆ వీడియో రెండుసార్లు చూసింది. ఫోన్ ఓనరుకి తిరిగిచ్చి, "వీడు బాగా లావయ్యాడు" అంది. వెళ్లి పాత సోఫా పిన్నులు పీకడం మొదలుపెట్టింది. ఆ రోజు పట్టకారు జారి రెండుసార్లు చెయ్యి చీరుకుంది.

అక్కడ జరిగింది మాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. అమ్మాయిల జట్టు లేదు. మగపిల్లల్లో కలిపారు. చిన్నగా ఉందని పోటీల్లో బయట కూర్చోబెట్టేవాళ్లు. వీడియోలకి మాత్రం ముందు నిలబెట్టేవాళ్లు. దాన్ని మొదటి జట్టులో చూడాలని తమ్ముడికి పంతం పట్టుకుంది. ఇంటికి విడిగా ఒక ట్రైనర్ని పెట్టాడు. అకాడమీ తర్వాత మళ్లీ ఇంట్లో, మేడ మీద సిమెంటు నేలమీద. పద్నాలుగో ఏట మోకాలు మెలిక తిరిగింది. లోపల నరమో, కీలో తెగిందట. ఆపరేషన్ చేశారు. ఇక ఆడకపోవడమే మంచిదన్నారు.

ఇది అక్కకి ఎవరూ వెంటనే చెప్పలేదు. అంతా అయిపోయాక, కట్టు విప్పాక, తమ్ముడు ఫోన్ చేశాడు. చెప్పడానికి కాదు, అడగడానికి. అక్క ఫోన్ స్పీకరు మీద పెట్టి కుడుతోంది కాబట్టి నేనూ విన్నాను.

"చిన్నప్పుడు గోడ దగ్గర రోజూ అలా తన్నించడం వల్లే మోకాలు అరిగిందంటున్నాడు డాక్టరు. అంత చిన్నపిల్లతో అలా చేయించొచ్చా అక్కా?"

డాక్టరు నిజంగా అన్నాడో లేదో భగవంతుడికి తెలియాలి. అక్క మిషను ఆపింది. అవతలివాడు హలో హలో అని పెట్టేశాడు. తర్వాత చాలాసేపటికి నన్ను, "ఫోమ్ మెత్తగానే ఉంది కదరా? రెండు పొరలు వేశాం కదా?" అని అడిగింది. వేశామక్కా అన్నాను.

ఆ వారమే బస్సెక్కి వెళ్లింది. తిరిగొచ్చాక ఏం జరిగిందని అడిగితే చెప్పలేదు. చాలాకాలం తర్వాత, ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఇద్దరం ఊరికే కూర్చున్నప్పుడు, ఒక్కసారే చెప్పింది.

తమ్ముడి హాల్లో అద్దాల బీరువా ఉందట. కప్పులన్నీ అందులోనే, దీపాలు పెట్టి మరీ. అన్నీ డిపో వెనక మైదానంలో ఉన్నప్పుడు వచ్చినవే. తర్వాత వచ్చింది ఒక్కటీ లేదు. పిల్ల అక్కకంటే పొడుగైంది. కాఫీ తెచ్చి ఇచ్చి, ఎదురుగా మర్యాదగా కూర్చుంది, బంధువుల ముందు కూర్చున్నట్టు. ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు అక్క, నొప్పుందా అని అడిగింది. లేదంది. ఎప్పుడైనా ఆడాలనిపిస్తుందా అని అడిగింది.

"మొదట్లో బాగుండేదత్తా" అందట పిల్ల. "డిపో వెనక. ఇంట్లో నువ్వు పడిపోయేదానివి, గుర్తుందా? ఆ తర్వాత నువ్వు, నీ తర్వాత నాన్న." ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయిందట.

"నేనూ వాడూ ఒక్కటేనా?" అని అక్క నన్ను అడిగింది. "దానికి ఒక్కటేనట."

కరెంటు వచ్చింది. మళ్లీ పనిలో పడ్డాం.

కండక్టరు మాస్టారు రిటైరయ్యాక కూడా డిపో వెనక నేర్పుతూనే ఉన్నాడు. ఆడపిల్లలు ఎక్కువయ్యారు, ఒక ఆడమనిషి తోడుంటే బాగుంటుందని అక్కని రమ్మని రెండుసార్లు అడిగించాడు. మోకాళ్ల నొప్పులని చెప్పింది. మాస్టారికి అర్థమై మూడోసారి అడగలేదు. ఆ దారిన వెళ్లాల్సి వస్తే కూడా అక్క డిపో చుట్టూ తిరిగి అవతలి వీధిలోంచి వచ్చేది.

మొన్నామధ్య ఒక చిన్నావిడ సోఫా దిండ్లు ఇవ్వడానికి వచ్చింది. కూడా ఆరేళ్ల పిల్ల. ఆ పిల్ల ఊరికే నిలబడదే, నేల మీది ఫోమ్ ముక్కని ఇటూ అటూ తన్నుతోంది. తల్లి నొచ్చుకుని, దీన్ని ఫుట్‌బాల్‌లో చేర్చాలనుకుంటున్నాం, ఎక్కడ బాగుంటుందో తెలియడంలేదండీ అంది, మాటవరసకి. అక్క దిండు కొలత తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది. ఒక గంట కూర్చుని చూడమంది. పిల్లల దగ్గర తలా ఒక బంతి ఉందా లేదా చూడమంది. అరిచే తండ్రులు ఎక్కువున్నచోట చేర్చొద్దంది. ఇంట్లో మంచమంత చోటు చాలు, పిల్ల అడిగినంతసేపే, అడగనిరోజు వద్దు అంది.

చిన్నావిడ ఆశ్చర్యపోయి, "మీకు చాలా తెలుసే. మీ అమ్మాయి ఆడుతుందా అండీ?" అంది.

"నాకు పిల్లల్లేరమ్మా" అంది అక్క. "బుధవారం రండి, దిండ్లు సిద్ధంగా ఉంటాయి."

వాళ్లు వెళ్లాక, ఆ బట్టలో పువ్వుల వరస సరిపోవడం లేదని, నేను కోసింది వంకరగా ఉందని నన్ను బాగా తిట్టింది. వంకరేం లేదు. అయినా మళ్లీ కోసి ఇచ్చాను.